తువ్వాల తీయండి: నాలుగు బెల్టుల పెద్దలకు ధర్మాబాద్ నుంచి ఒక ఉత్తరం

ప్రపంచ బాక్సింగ్ బెల్టులు పంచే డబ్ల్యూబీసీ, డబ్ల్యూబీఏ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ అధ్యక్షులకు,

అయ్యలారా,

ఈ ఉత్తరం మీరు చదవరని నాకు తెలుసు. మీలో ఒకరి కొలువు మెక్సికోలో, ఒకరిది పనామాలో, ఒకరిది అమెరికాలోని న్యూజెర్సీలో, ఇంకొకరిది ప్యూర్టోరికోలో. నేను రాస్తున్నది మహారాష్ట్ర నాందేడ్ జిల్లా ధర్మాబాద్ నుంచి, అదీ తెలుగులో. బడిలో మరాఠీ, బజార్లో హిందీ, ఇంట్లో తెలుగు, ఇదీ మా ఊరు. కోపం వస్తే మాత్రం నోటికి ఇంటి భాషే వస్తుంది కాబట్టి ఇందులోనే కానిస్తున్నాను. మీరు చదవకున్నా, రోజూ ఫోన్లలో "వాడు భయపడ్డాడు", "వీడు మొహం చాటేశాడు" అని కొట్టుకునే మా తెలుగు బాక్సింగ్ పిచ్చోళ్లు చదువుతారు. నేనూ వాళ్లలో ఒకణ్ణే. మిమ్మల్ని అడిగేది ఒక్కటే: పోరు బేరం చెడితే ఎందుకు చెడిందో బయటపెట్టండి.

నా పని మిర్చి అడ్తి దుకాణంలో చిట్టా రాయడం. మిర్చి సీజన్లో మా యార్డులో హర్రాజు అందరి ముందే నడుస్తుంది. కుప్ప చుట్టూ వ్యాపారులు నిలబడి పాట పెంచుతారు. రైతు అక్కడే ఉంటాడు. ఎవరు ఎంత అన్నారో నలుగురికీ వినబడుతుంది. ధర పడకపోతే రైతు తిట్టుకుంటూ పోతాడు గానీ, ఏం జరిగిందో తెలియక పోడు.

పశువుల అంగడి సంగతి వేరు. చిన్నప్పుడు మా నాయన ఎడ్ల బేరానికి పోతూ నన్నూ వెంట తీసుకుపోయేవాడు. దళారి, కొనేవాడు చేతులు కలిపి పైన తువ్వాల కప్పుకునేవాళ్లు. బేరమంతా దాని కిందే, వేళ్లతోనే. ఇన్ని వేళ్లు పట్టుకుంటే ఇంత, నొక్కితే ఇంకో ఇంత. మొహాలు మాత్రం రాతి బొమ్మలు. ఎద్దు గలవాడు పక్కనే ఉన్నా అతనికీ అంతుపట్టేది కాదు. బేరం చెడితే తువ్వాల దులిపి భుజాన వేసుకుని ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లు. ఎవరు మొండికేశారో ఎవరికీ తెలియదు. తెల్లారేసరికి మాత్రం ఊళ్లో ఒక మాట పుట్టేది: "ఆ ఎద్దుకు ఏదో లోపం ఉందట, అందుకే కొనలేదు."

పాపం ఎద్దు. దానికి ఏ లోపమూ ఉండేది కాదు.

మీ ఆటలో ఆ ఎద్దు బాక్సరే. తువ్వాల కింద పోరు ఏర్పాటు చేసే ప్రమోటర్లు, టీవీ ఛానెళ్లు, మేనేజర్లు వేళ్లు నొక్కుకుంటారు. బేరం చెడితే పేరు చెడేది బాక్సర్‌ది. భయపడి పోరు తప్పించుకున్నాడంటారు, ఇంగ్లీషోళ్లు దాన్ని "డకింగ్" అంటారు. తమాషా ఏమంటే రింగులో డక్ చేయడం ఒక విద్య. గుద్దు మీదికి వస్తుంటే తల వంచి దాన్ని పైనుంచి పోనిచ్చి, లేస్తూ తిరిగి కొట్టడం. అదే మాట రింగు బయటికి వచ్చేసరికి తిట్టయింది.

ఆ తిట్టు నేనూ చాలా వాడాను. ఆ కథ చెప్పాలి.

మా అడ్తి ఎదురుగా చాయ్ దుకాణం ఉంది. నడిపేది మరాఠీ ఆయన, నాకన్నా పదేళ్లు పెద్ద, దాదా అని పిలుస్తాను. ఆయన ఫిలిప్పీన్స్ బాక్సర్ పాక్వియావో మనిషి, నేను అమెరికా బాక్సర్ మేవెదర్ మనిషిని. 2009 చివర్లో ఆ ఇద్దరి బేరం మొదలైంది. 2010 మార్చిలో పోరు అన్నారు. మేవెదర్‌కు అప్పటికి 33 ఏళ్లు, పాక్వియావోకు 31. ఇద్దరూ మంచి కాక మీదున్న రోజులు. నిషేధిత మందులు వాడారేమో చూసే రక్తపరీక్షల దగ్గర బేరం చెడింది. చెప్పకుండా ఎప్పుడైనా వచ్చి రక్తం తీసుకోవచ్చని రాయమన్నారు మేవెదర్ వాళ్లు. పోరు దగ్గర పడ్డాక రక్తం ఇచ్చేది లేదన్నారు పాక్వియావో వాళ్లు. డేనియల్ వైన్‌స్టీన్ అనే విశ్రాంత న్యాయమూర్తి మధ్యవర్తిగా కూర్చున్నాడు. పోరుకు 14 రోజుల ముందు వరకు తీసుకుంటామని వీళ్లు, 24 రోజుల ముందే ఆపాలని వాళ్లు. తేడా పది రోజులు. ఆ పది రోజుల తేడా తీరడానికి ఐదేళ్లు పట్టింది.

"నీవాడు సూది చూస్తే వణుకుతాడు" అని నేను. "నీవాడు ఓడిపోతానని తెలిసి సూది అడ్డం పెట్టాడు" అని దాదా. పాక్వియావో పరువునష్టం దావా కూడా వేశాడు కాబట్టి దాదాకు ఇంకా బలం వచ్చింది. మాటా మాటా పెరిగి ఒక ఏడాది పాటు ఆయన దుకాణం మెట్లెక్కలేదు. సందు చివర ఇంకో చోట తాగాను. ఆ చాయ్ అసలు బాగుండేది కాదు.

మేం చూడని వేళ్లు ఇంకెన్నో ఉన్నాయి. పాక్వియావో ప్రమోటర్ బాబ్ ఆరమ్ ఒకప్పుడు మేవెదర్‌కూ ప్రమోటరే. 2006లో 7 లక్షల 50 వేల డాలర్లు కట్టి మేవెదర్ ఆ కాంట్రాక్టు వదిలించుకున్నాడు. ఆ చేదు ఇద్దరికీ పోలేదు. 2013 నుంచి మేవెదర్ షోటైమ్ ఛానెల్‌కు కట్టుబడ్డాడు, పాక్వియావో హెచ్‌బీఓలో. రెండు ఛానెళ్లూ ఒకదాని మొహం ఒకటి చూసుకునేవి కావు. ఇందులో ఎవడి భయం ఎంతో, ఎవడి పంతం ఎంతో నేనూ దాదా చాయ్ గ్లాసులో చూసి చెప్పేవాళ్లం!

చివరికి 2015లో జరిగింది. అమెరికాలో మే 2 రాత్రి, మాకు 3వ తేదీ ఆదివారం పొద్దున. రాజీ పడ్డాం కాబట్టి దాదా దుకాణంలోనే చూశాను. ఒకడికి 38, ఒకడికి 36. పన్నెండు రౌండ్లు సాగింది, ముగ్గురు జడ్జీలూ మేవెదర్‌కే ఇచ్చారు. పాక్వియావో భుజం నొప్పితో దిగాడని తర్వాత తెలిసింది. టీవీలో చూడటానికి విడిగా డబ్బు కట్టే పేపర్‌వ్యూలు 46 లక్షలు అమ్ముడయ్యాయి. వాటి వసూలే 40 కోట్ల డాలర్లు దాటింది, వాటా 60-40. నేను పందెం గెలిచాను. నెల రోజులు దాదా నా దగ్గర చాయ్ డబ్బులు తీసుకోలేదు. అయినా ఆ పొద్దున మేమిద్దరం టీవీ కట్టేసి ఏం మాట్లాడుకోకుండా కూర్చున్నాం. ఐదేళ్ల కింద వండిన అన్నం అది.

అలాగని తప్పించుకోవడమే లేదని నేను అనను. ఉంది, దానికి పెద్ద చరిత్రే ఉంది. జాక్ జాన్సన్ అనే నల్ల వీరుడు ఛాంపియన్ టామీ బర్న్స్ వెంట దేశాలు పట్టి తిరిగి, 1908 డిసెంబర్ 26న సిడ్నీలో రింగులోకి దించగలిగాడు. బర్న్స్‌కు 30,000 డాలర్లు, జాన్సన్‌కు 5,000. ఆ లెక్క ఒప్పుకున్నాకే పోరు. గెలిచి కిరీటం పెట్టుకున్న జాన్సన్, తనలాంటి నల్లవాడే అయిన శామ్ లాంగ్‌ఫోర్డ్‌కు ఆ అవకాశం ఇవ్వలేదు. లాంగ్‌ఫోర్డ్‌కు జీవితంలో ఒక్క ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ పోరు కూడా దక్కలేదు. 1919 నుంచి 1926 దాకా ఛాంపియన్‌గా ఉన్న డెంప్సీకి, నల్లవాడైన హ్యారీ విల్స్‌కు మధ్య కాంట్రాక్టులు రాసుకున్నారు, పోరు మాత్రం జరగలేదు. వీళ్లందరికన్నా ముందు జాన్ ఎల్. సలివన్ అయితే నల్లవాళ్లతో ఆడనని బాహాటంగానే అన్నాడు. సిగ్గుమాలిన మాటే. కాని మాట బయట ఉంది కాబట్టి ఇవాళ కూడా మనం దాన్ని పట్టుకుని ఆయన్ను నిలదీయగలం. ఇప్పటివాళ్లు తప్పించుకుంటే పట్టుకోవడానికి ఏమీ మిగలదు. "చర్చలు ఫలించలేదు" అని ఒక ముక్క వస్తుంది, అంతే.

అయ్యలారా, ఇక మీ సంగతి.

1988 సియోల్ ఒలింపిక్ ఫైనల్లో లెనాక్స్ లూయిస్ రెండో రౌండ్లోనే రిడిక్ బోవ్ ఆట కట్టించాడు. 1992లో బోవ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. డబ్ల్యూబీసీ వరసలో లూయిస్ ముందున్నాడు. వాటాల దగ్గర బేరం చెడింది. బోవ్ ఏం చేశాడు? ఆ డిసెంబర్లో లండన్‌కు వచ్చి, కెమెరాల ముందు డబ్ల్యూబీసీ బెల్టును చెత్తబుట్టలో పడేశాడు. ఆ ఇద్దరూ ప్రొఫెషనల్‌గా ఒక్కసారీ తలపడలేదు. ఈమధ్య కాలంలో నాకు తెలిసినంతలో ఇంత బాహాటంగా తప్పించుకున్నది ఇదొక్కటే. అప్పుడైనా మీరు ఆ బుట్ట దగ్గరికి పోయి "ఏ వాటా ఇస్తామన్నారు, ఏ వాటా వద్దన్నావు" అని అడిగి పత్రికలకు ఇవ్వాల్సింది. బెల్టు తీసి దుమ్ము దులిపి లూయిస్ నడుముకు కట్టారు, కథ ముగిసింది.

ఓడించినవాడితోనే మళ్లీ ఆడతానన్నవాణ్ణి కూడా మీరు వదల్లేదు. 2015 నవంబర్ 28న బ్రిటన్ బాక్సర్ టైసన్ ఫ్యూరీ హెవీవెయిట్ ఛాంపియన్ క్లిచ్‌కోను ఓడించాడు. ఒప్పందంలో మళ్లీపోరు రాసుంది కాబట్టి క్లిచ్‌కోతోనే ఇంకోసారి ఆడాలి. ఐబీఎఫ్ వారు తమ మాండేటరీతో, అంటే వరసలో ముందున్న, తప్పక ఆడాల్సిన ప్రత్యర్థితో ఆడాలన్నారు. రెండు వారాలు తిరక్కముందే బెల్టు లాగేశారు. ఉక్రెయిన్ బాక్సర్ ఉసిక్‌ది కూడా అదే గతి. 2024 మే 18న రియాద్‌లో ఫ్యూరీని గెలిచి నాలుగు బెల్టులూ ఒక్క హెవీవెయిట్ నడుముకు చేర్చిన మొదటివాడయ్యాడు. మళ్లీపోరు ఒప్పందం ఉంది. రెండు నెలలైనా కాకముందే ఐబీఎఫ్ బెల్టు వదులుకోవాల్సి వచ్చింది. ఒప్పందానికి కట్టుబడినవాడికి ఇదా మర్యాద?

తలుపు తీసిపెట్టేదీ మీరే. మాండేటరీతో ఆడలేనంటే "ఫ్రాంచైజ్ ఛాంపియన్" అని 2019లో డబ్ల్యూబీసీ వారు కొత్త పీట వేశారు, ఆ పీట మీద కూర్చున్నవాడికి మాండేటరీ బెడద లేదు. డబ్ల్యూబీఏ వారికి ఒకే బరువులో సూపర్, రెగ్యులర్, తాత్కాలికం అని ముగ్గురు ఛాంపియన్లున్న రోజులు చూశాం. ఒక ఇంట్లో ముగ్గురు పెద్దకొడుకులు!

1998లో బెర్లిన్‌లో మైఖేల్ నన్‌ను గెలిచిన రోకీజియానీ అనే జర్మన్ బాక్సర్‌ను, ఛాంపియన్ అని రాయడం అచ్చుతప్పు అన్నారు డబ్ల్యూబీసీ వారు. తాత్కాలిక ఛాంపియన్ అని దిద్దారు, అంతకుముందు ఛాంపియన్‌గా ఉన్న రాయ్ జోన్స్‌ను పాత చోట కూర్చోబెట్టడానికి. ఆ జర్మన్ కోర్టుకు పోయి 3 కోట్ల డాలర్ల తీర్పు తెచ్చుకున్నాడు, సంస్థ దివాలా అంచుకు పోయింది. ఐబీఎఫ్ పెట్టిన పెద్దమనిషి రాబర్ట్ లీ మీద ర్యాంకులకు డబ్బు తీసుకున్నాడని కేసు నడిచి, 2000లో కొన్ని అభియోగాల్లో దోషిగా తేలి, 22 నెలల జైలుశిక్ష పడింది. ఇవన్నీ పాత కథలే, ఇప్పుడున్నవాళ్లు వేరు, ఒప్పుకుంటాను. కాని ఒకసారి తూకంలో దొరికిన దుకాణం మర్నాటి నుంచి కాటా జనం వైపు తిప్పి పెడుతుంది. మీరు తిప్పలేదు.

మీలో మంచి లేదా అంటే ఉంది. పర్స్ బిడ్ మంచిదే. గడువులోగా రెండు వైపులా తెగకపోతే పోరు హక్కు హర్రాజుకు పెడతారు, ఎక్కువ పాడినవాడికి పోతుంది, వాటా ఎంతో మీ రూలు చెబుతుంది. డిలియన్ వైట్ డబ్ల్యూబీసీ వరసలో ముందు నిలబడి ఏళ్లకేళ్లు ఎదురుచూశాడు. ఫ్యూరీ అతని నుంచి పారిపోతున్నాడని లోకమంతా అంది. 2022 జనవరిలో హర్రాజు పెట్టారు. ఫ్రాంక్ వారెన్ కంపెనీ 4 కోట్ల 10 లక్షల 25 వేల డాలర్లు పాడింది. వాటా 80-20. ఏప్రిల్ 23న వెంబ్లీలో ఆరో రౌండ్లో వైట్ పడిపోయాడు. ఎవరు ఎవరికి భయపడ్డారన్న మాట ఆ రాత్రితో ఆగిపోయింది.

హర్రాజులోనూ దొంగలు ఉంటారనుకోండి. టియోఫిమో లోపెజ్, కంబోసోస్ పోరుకు ట్రిల్లర్ అనే కంపెనీ 60 లక్షల 18 వేల డాలర్లు పాడింది, పక్కవాడి పాట 35 లక్షల 6 వేలు. తేదీలు మార్చి మార్చి చివరికి చేతులెత్తేసింది. ఐబీఎఫ్ ఆ హక్కు పక్కవాడికి ఇచ్చింది. 2021 నవంబర్లో జరిగితే కంబోసోస్ గెలిచాడు. చూడండి, ఇందులో మోసం చేసింది ఎవరో చాయ్ దుకాణం దాదాకు కూడా తెలుసు, అంకెతో సహా. లోపెజ్‌ను గానీ కంబోసోస్‌ను గానీ ఎవడూ పిరికివాడనలేదు. తువ్వాల లేదు కాబట్టి.

చిక్కు ఏమిటంటే ఆ హర్రాజు మాండేటరీ పోరుకే. జనం కలలుగనే పెద్ద పోర్లు, ఇద్దరు ఛాంపియన్లు తలపడేవి, తువ్వాల కిందే ఉంటాయి. అమెరికా ఛాంపియన్లు స్పెన్స్, క్రాఫర్డ్ ఏళ్ల తరబడి అలాగే నానారు. 2022లో దాదాపు కుదిరి చెడింది, 2023 జూలైలో జరిగింది. ఫ్యూరీకి, ఇంకో బ్రిటన్ ఛాంపియన్ జాషువాకు పోరు 2021 ఆగస్టు 14న సౌదీలో అన్నారు, తేదీతో సహా ప్రకటించారు. ఆ మేలోనే ఆర్బిట్రేటర్ తీర్పు: ఫ్యూరీ ముందు వైల్డర్‌తో మూడోసారి ఆడాలి. ఆ తీర్పు ఇచ్చింది కూడా పైన చెప్పిన వైన్‌స్టీన్ గారే, లోకం ఎంత చిన్నదో. ఫ్యూరీ భయపడ్డాడా? జాషువా భయపడ్డాడా? పాత కాగితం ఒకటి అడ్డం వచ్చింది. ఆ కాగితం ఉందని ముందే బయటపెట్టి ఉంటే మా ఫోన్లకు అంత వేడి ఎక్కేది కాదు.

ఒక్కసారి మాత్రం తువ్వాల దానంతటదే జారింది. 2023 మార్చిలో ఫ్యూరీ తనకు 70, ఉసిక్‌కు 30 అన్నాడు. ఉసిక్ సరేనన్నాడు, ఉక్రెయిన్ జనానికి పది లక్షల పౌండ్లు ఇవ్వమని ఒక్క షరతు పెట్టాడు. ఇదంతా వీడియోల్లో, అందరి ముందే. తర్వాత మళ్లీపోరు షరతు దగ్గర చెడింది. అయినా ఆ ఏడాది పొడవునా ఉసిక్‌ను పిరికివాడు అన్నవాణ్ణి నేను చూడలేదు. అంకె తెలిశాక నోరు మూతపడుతుంది.

మా పక్క ఊరి ముచ్చట ఒకటి చెబుతాను. బాసర దాటి, గోదావరి దాటి పోతే నిజామాబాదు. అక్కడి అమ్మాయి నిఖత్ జరీన్. 2019 అక్టోబర్లో టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీలకు మేరీ కోమ్‌ను ట్రయల్ లేకుండానే పంపుతారన్న మాట వచ్చింది. నిఖత్ క్రీడల మంత్రికి బహిరంగ లేఖ రాసింది. నాకు న్యాయమైన అవకాశం ఇవ్వండి, అంతే. నిఖత్ ఎవరు అని మేరీ కోమ్ ఎదురడిగింది. డిసెంబర్ 28న ఢిల్లీలో ట్రయల్ పెట్టారు. నిఖత్ 9-1తో ఓడింది. చివర్లో మేరీ కోమ్ చెయ్యి కూడా కలపలేదు. మా వైపు ఆ రోజు చాలామంది మొహాలు వాడిపోయాయి, నాది కూడా. కాని ప్రశ్నకు జవాబు దొరికింది, దొరకాల్సిన చోటే దొరికింది. ఓడిన ఆ అమ్మాయే 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది. మేరీ కోమ్‌ను పిరికిది అని ఎవరన్నా అంటే ఆ 9-1 చూపిస్తే చాలు. ట్రయల్ పెట్టకపోతే ఆమెకు ఆ రక్షణ కూడా ఉండేది కాదు.

మా జాతరల్లో కుస్తీలు చూడండి, ఎప్పుడైనా వస్తే. కొబ్బరికాయ కుస్తీతో పిల్లలు మొదలుపెడతారు, పొద్దు గుంకేవేళకు వెండి కడెం కుస్తీ. డప్పు మోగుతుంటే పహిల్వాన్ ఎర్రమట్టిలో చుట్టూ తిరుగుతాడు, తొడ కొడతాడు. దీటైనవాడు వచ్చి చెయ్యి కలిపితే పెద్దమనుషులు ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి ఒడ్డూ పొడుగూ చూస్తారు. ఇనాము ఎంతో మైకులో అరుస్తారు. వద్దనుకున్నవాడు అందరి ముందే వద్దని తలూపి పోతాడు, దానికి సిగ్గేమీ లేదు, "వాడు నాకన్నా పది కిలోలు ఎక్కువ" అంటాడు, జనం సరేనంటారు. ఇద్దరూ ముందే మాట్లాడుకుని ఆడితే దాన్ని నూరా కుస్తీ అంటాం. అది మొదటి పట్టులోనే తెలిసిపోతుంది, చెప్పులు పడతాయి.

వ్యాపార రహస్యాలు ఉంటాయంటారు మీరు. మిర్చి వ్యాపారికీ ఉంటాయి. సరుకు గుంటూరుకు పంపుతాడో ఇంకెక్కడికి పంపుతాడో యార్డులో చెప్పడు. ఎంత అన్నాడో మాత్రం అందరి ముందు అనాల్సిందే. అమెరికాలో 2000 నాటి ముహమ్మద్ అలీ చట్టం, ప్రమోటర్ తనకెంత వస్తుందో బాక్సర్‌కు చెప్పాలని అంటోంది. తువ్వాల ఆ మేరకు కొంచెం లేచింది. చూసేవాడి దాకా లేవలేదు.

మీకు అధికారం లేదనీ అనకండి. బెల్టు మీది. దాని పేరుమీద ప్రతి పర్సులో 3 శాతం వరకు మీరు తీసుకుంటారు. బెల్టు పేరుతో బేరానికి కూర్చుంటే మొదలుపెట్టిన తేదీ చెప్పాలని, చెడితే 15 రోజుల్లో ఒక్క కాగితం బయట పెట్టాలని ఒక రూలు రాయడం మీ చేతిలో పనే. ఎవరు ఎంత ఇస్తామన్నారు, వాటా ఎంత, ఊరు ఏది, మళ్లీపోరు ఉందా, రక్తపరీక్ష ఎన్ని రోజుల ముందు వరకు, దేన్ని ఎవరు కాదన్నారు. కింద రెండు వైపుల సంతకాలు. ఒకవైపు వాళ్లు సంతకం చేయనంటే అదే రాయండి, మాకు అర్థమవుతుంది.

మా ఊరికి దగ్గర్లోనే గోదావరి మీద బాభళి ప్రాజెక్టు ఉంది. రెండు రాష్ట్రాలు ఏళ్ల తరబడి తిట్టుకున్నాయి. నీళ్లు మావి అంటే మావని. 2013లో సుప్రీంకోర్టు తేదీలు కట్టింది. జూలై 1న 14 గేట్లూ ఎత్తాలి, అక్టోబర్ 28 వరకు ఎత్తే ఉంచాలి. ఇప్పటికీ ఆ రోజు రెండు వైపుల అధికారులు వచ్చి నిలబడతారు, కేంద్రం మనిషి ముందు గేట్లు లేస్తాయి. నీళ్లు సరిపోతున్నాయా లేదా అన్న గొడవ ఉండనే ఉంది. గేటు ఎత్తారా లేదా అన్న గొడవ మాత్రం లేదు.

ఇది రాసి దాదాకు చదివి వినిపించాను. తెలుగు ఆయనకు సగమే అర్థమవుతుంది, మిగతాది మరాఠీలో చెప్పాను. గ్లాసులు కడుగుతూ అంతా విన్నాడు. చివరికి అన్నాడు: "అంతా బాగానే ఉంది గానీ, ఆ పద్నాలుగు రోజుల దగ్గర నీవాడు ఇంకో పది రోజులు దిగి ఉంటే ఏం పోయేది?"

ఆయనకు జవాబు చెప్పాల్సి ఉంది. ఉంటాను.

ఇట్లు,
మిర్చి అడ్తి గుమాస్తా,
ధర్మాబాద్, నాందేడ్ జిల్లా